కొత్త ఈసీయూ పెట్టినాక బండి మొండికేస్తే ముందు ల్యాప్‌టాప్ ముయ్యండి

కొత్త ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) బిగించి సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకోవడం లేదా, అందుకున్నా స్లోలో (పెడల్ తొక్కనప్పుడు) నిలబడకుండా ఊగుతుందా, వేడెక్కినాక ఆగిపోయి మళ్ళీ స్టార్ట్ కావడం లేదా, ఏదైనా సరే ముందు ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి మల్టీమీటర్ చేతికి తీసుకోండి. ఎందుకంటే బండి కొంచెం తేడా చెయ్యంగానే చాలామంది మ్యాపులో (ఎంత పెట్రోల్ పోయాల, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాల అని ఈసీయూకి చెప్పే పట్టిక) అంకెలు మార్చడం మొదలుపెడతారు, ఒకచోట పెంచుతారు ఇంకోచోట తగ్గిస్తారు, రెండు రోజులకి అసలు మ్యాపు ఎట్టుండేదో కూడా గుర్తుండదు, ఇంక అప్పుడు తప్పు వైర్లో ఉందా మ్యాపులో ఉందా అని తేల్చడం రెండింతలు కష్టమైపోతాది.

నాకూ ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నా. నా దగ్గర పాత మారుతి ఎస్టీమ్ కారు ఉంది, దానికి క్రాంక్ పుల్లీ మీద 36-1 పళ్ళ చక్రం (36 పళ్ళలో ఒకటి తీసేసింది) వేయించి, కంపెనీ వైరింగ్ పక్కన పెట్టి స్టాండలోన్ ఈసీయూకి (కంపెనీది కాకుండా విడిగా కొనేది) కొత్త వైరింగ్ లాగించాను. మొదటిరోజు సెల్ఫ్ కొట్టంగానే అందుకుంది, ఆ ఆనందం ఒక్క పూటే. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయిన ప్రతిసారీ ఇంజన్ దగ్గు పట్టినట్టు ఊగేది, ఏసీ వేస్తే ఆగిపోయేది, వేడి మీటర్ ముల్లు 88 నుంచి 95కి ఒక్కసారే ఎగిరేది. పదకొండు రాత్రులు పొదలకూరు రోడ్డులో షెడ్డులో కూర్చుని ఫ్యూయల్ టేబుల్ (మ్యాపులో పెట్రోల్ అంకెలు) మార్చాను. పన్నెండో రోజు మా పెద్దాయన, లారీల వైరింగ్‌లో తల నెరిసినోడు, వచ్చి ఒక్క మాట అడిగాడు. "ఎర్త్ యాడ బిగించినావు అబ్బయ్యా?"

ఫైర్‌వాల్ మీద బిగించి ఉంది. బోల్టు విప్పి లగ్గు (వైరు చివరి రింగు) పక్కకి తీస్తే దాని వెనక పచ్చగా చిలుము, కింద బాడీ పెయింటు అట్టనే ఉంది, బోల్టు మరలు గీసినకాడ వెంట్రుకంత సన్నటి గుండ్రటి గీతలో మాత్రం ఇనుము మెరుస్తా కనిపించింది. ఈసీయూ మొత్తం, నాలుగు ఇంజెక్టర్లు, కాయిల్, ఆ గీత మీదనే బతుకుతున్నాయి. లగ్గు మార్చి, ఉప్పు కాగితంతో రుద్ది, ఎర్త్‌ని బాడీ మీద కాకుండా ఇంజన్ హెడ్డుకే తీసుకెళ్ళి బిగించినాక ఫ్యాన్ ఆన్ అయినా స్లో కదల్లేదు, ముల్లు ఎగరలేదు. పదకొండు రాత్రులు మార్చిన మ్యాపు తీసేసి మొదటిరోజు ఫైలే మళ్ళీ ఎక్కించాను, దాంతోనే బాగుంది.

ఎర్త్, కరెంటు

ఎర్త్ చూడ్డం అంటే ఓమ్స్‌లో పెట్టి బీప్ వినడం కాదు. ఒక్క పోగు రాగి మిగిలిన వైరు కూడా బీప్ కొడతాది. ఇంజన్ స్టార్ట్ చేసి, కాకపోతే సెల్ఫ్ కొడతా, మీటర్‌ని డీసీ వోల్ట్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ ఈసీయూ ఎర్త్ పిన్ను వెనక, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ దిమ్మ మీద (లగ్గు మీద కాదు, దిమ్మ మీదే) పెట్టండి. హెడ్‌లైట్లు, ఫ్యాన్, ఏసీ బ్లోయర్ అన్నీ వెయ్యండి. 0.1 వోల్ట్ లోపల ఉంటే బాగున్నట్టు. నా బండిలో ఆరోజు అర వోల్ట్ దాటి చూపించింది. అట్టనే బ్యాటరీ ప్లస్ నుంచి ఈసీయూ ప్లస్ పిన్నుకి కూడా కొలవండి, ఆడ కూడా పావు వోల్ట్ కంటే ఎక్కువ పడిపోతుంటే రిలే, ఫ్యూజ్ హోల్డర్, క్రింపు ఈ మూడింట్లో ఏదో ఒకటి.

మన కోస్తాలో ఇది ఇంకా ఎక్కువ. మైపాడు, కృష్ణపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి తగిలి ఏడాదికే లగ్గులు పచ్చబడతాయి. బ్యాటరీ నుంచి ఇంజన్‌కి ఒక లావు కేబుల్, ఇంజన్ నుంచి బాడీకి ఇంకొకటి కచ్చితంగా ఉండాల, బిగించినాక పైన గ్రీజు పూయాల. సెన్సార్ల ఎర్త్ మాత్రం బాడీకి గానీ ఇంజన్‌కి గానీ ఎక్కడా తగలకూడదు, నేరుగా ఈసీయూ సెన్సార్ ఎర్త్ పిన్నుకే పోవాల. "అంతా ఎర్తే కదన్నా" అని సెన్సార్ ఎర్త్ తెచ్చి పక్కనున్న బోల్టుకి వేసేవాళ్ళని చాలామందిని చూశాను, అట్టా వేస్తే సెల్ఫ్ మోటార్, ఫ్యాన్ లాగే కరెంటంతా సెన్సార్ రీడింగులో కలిసిపోతాది.

కరెంటులో ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి. ఈసీయూ రిలేకి ఇగ్నిషన్ కరెంటు యాడ నుంచి తీసుకున్నారు? టేప్ రికార్డర్ వెలిగే వైరు నుంచి తీసుకుంటే, తాళం సెల్ఫ్ పొజిషన్‌కి తిప్పంగానే ఆ వైరులో కరెంటు పోతాది, ఈసీయూ చచ్చిపోతాది, తాళం వదలంగానే మళ్ళీ లేస్తాది. లక్షణం ఎట్టుంటాదంటే సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఏమీ లేదు, వదిలిన క్షణంలో మాత్రం ఇంజన్ ఒకసారి టుప్పుమంటాది. అది కనిపిస్తే మీ మ్యాపు జోలికి పోవద్దు, సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా కరెంటు ఉండే వైరు వెతికి మార్చండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10 వోల్ట్‌ల కిందకి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి, కదలకుండా ఉన్నప్పుడు 12.6, ఇంజన్ నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యలో ఉండాల.

వైర్లు కలిపేకాడ మెలేసి టేపు చుట్టొద్దు. సీసం అతికించినా వణుకుడికి అతుకు పక్కన విరుగుతాది. మంచి క్రింపింగ్ ప్లయర్, మంచి లగ్గులు, పైన హీట్ ష్రింక్ గొట్టం, ఈ మూడు కొనండి, ఈసీయూ మీద పెట్టిన డబ్బుల్లో ఇది చాలా చిన్న భాగం.

తాళం ఆన్ చేసినాక కాయిల్ మీద చెయ్యి పెట్టండి

సెల్ఫ్ కొట్టకముందే చెయ్యాల్సింది ఇది, వాయిదా వెయ్యొద్దు. తాళం ఆన్ చేసి ఇంజన్ తిప్పకుండా ఒక నిమిషం ఆగి కాయిల్‌ని ముట్టుకోండి. వేడెక్కుతుంటే వెంటనే తాళం తీసెయ్యండి. ఈసీయూలో ఇగ్నిషన్ అవుట్‌పుట్ తిరగబడి ఉందన్నమాట, అంటే కాయిల్‌కి ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచి స్పార్క్ కావాల్సినప్పుడు మళ్ళీ తప్పు టైములో వదులుతుంది. కావలికి చెందిన ఒక తమ్ముడు హోండా సిటీ కారుకి కొత్త ఈసీయూ పెట్టుకుని ఫోన్ చేశాడు, "అన్నా, డాష్ కింద కమిలిన వాసన వస్తాంది". ఆ వాసన వచ్చేసరికి కాయిల్ లోపలి మైనం కరిగి పక్కన కారి ఉంది. అతను బండి నేర్చుకునే వయసులో ఉన్నాడు, కాయిల్‌తో పోయింది, ఈసీయూ లోపలి డ్రైవర్ సర్క్యూట్ కాలినా, మంట అంటుకున్నా ఏమయ్యేది అని ఇప్పటికీ అనిపిస్తాది.

కాయిల్ లోపలే ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే భాగం) ఉందా లేదా అని ముందు తెలుసుకోవాల. ఇగ్నైటర్ లేని కాయిల్‌ని నేరుగా లాజిక్ అవుట్‌పుట్‌కి (సిగ్నల్ మాత్రమే ఇచ్చే పిన్ను) కలిపితే ఈసీయూ అవుట్‌పుట్ కాలిపోతాది. డ్వెల్ (స్పార్క్‌కి ముందు కాయిల్‌కి కరెంటు ఇచ్చే సమయం) కూడా చూడండి, చాలా కాయిల్స్‌కి 12 నుంచి 14 వోల్ట్‌ల మధ్య 3 మిల్లీసెకన్లు కాస్త అటూ ఇటూ సరిపోతాది, "ఎక్కువ పెడితే స్పార్క్ బాగా వస్తాది" అని 6 పెడితే కాయిల్ కాల్తాది, స్పార్క్ ఏం పెరగదు. అట్టనే ఇంజెక్టర్‌కి ప్లగ్గు తీసి ఓమ్స్ కొలవండి, 12 నుంచి 16 వస్తే నేరుగా నడిపించొచ్చు, 2 లేదా 3 వస్తే తగిన డ్రైవర్ సర్క్యూట్ లేకుండా, లేదా రెసిస్టర్లు వెయ్యకుండా కరెంటు ఇవ్వొద్దు.

ఆర్పీఎం కనిపిస్తుందా

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవొచ్చు. స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్ ఈసీయూలకి ట్యూనర్‌స్టూడియో, హాల్‌టెక్, లింక్ ఈసీయూలకి వాటి వాటి సాఫ్ట్‌వేర్లు, అన్నింట్లోనూ ఒకే పని. ఇంజెక్టర్ ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ కొడతా ఆర్పీఎం చూడండి. 150 నుంచి 250 మధ్యలో కుదురుగా కనిపించాల. సున్నా ఉంటే క్రాంక్ సెన్సార్ నుంచి సిగ్నల్ రావట్లేదు. 200 నుంచి 3000కి ఎగురుతుంటే సిగ్నల్‌లో గోల ఉంది, లేకపోతే సెన్సార్ వైర్లు తిరగబడ్డాయి. సింక్ పోయిన లెక్క (క్రాంక్ ఎక్కడుందో ఈసీయూ ఎన్నిసార్లు తప్పిపోయిందో) ఒకటి కనిపిస్తాది ఈసీయూలో, అది సెల్ఫ్ కొట్టినాక పెరగకూడదు, రోడ్డు మీద 5000 ఆర్పీఎం దగ్గర ఉన్నట్టుండి బండి కత్తిరించినట్టు ఆగితే ముందు ఆ లెక్క చూడండి, చాలావరకు దాంట్లోనే దొరుకుతాది.

రెండు వైర్ల సెన్సార్ అయితే, అయస్కాంతం మీద నడిచేది, దాని రెండు వైర్లు తారుమారు అయితే ఇంజన్ నడిచినట్టే నడుస్తాది గానీ ఆర్పీఎం పెరిగేకొద్దీ టైమింగ్ జారిపోతా ఉంటాది. సెన్సార్‌కీ పళ్ళ చక్రానికీ మధ్య సందు మిల్లీమీటర్ లోపు, 0.8 నుంచి 1 దగ్గర, ఉండేట్టు బ్రాకెట్ సరిచేయండి, చక్రం ఒకపక్క వంకరగా ఊగితే కూడా అదే గోల. ఈ సెన్సార్‌కి షీల్డు ఉన్న వైరే లాగాల, ఆ షీల్డు ఒక చివర మాత్రమే ఎర్త్ కావాల, రెండు చివరలా ఎర్త్ చేస్తే అదే ఒక కొత్త దారి అయిపోతాది. మూడు వైర్ల హాల్ సెన్సార్ అయితే మీటర్ సిగ్నల్ వైరు మీద పెట్టి స్పానర్‌తో క్రాంక్ నెమ్మదిగా తిప్పండి, 0కీ 5కీ మధ్య దూకాల. ఎప్పుడూ 0 చూపిస్తుంటే ఈసీయూలో పుల్ అప్ (సిగ్నల్ వైరుకి వోల్టేజ్ అందించేది) ఆన్ చెయ్యలేదేమో చూడండి, ఇది నిజంగా చాలామంది మర్చిపోతారు.

ఆర్పీఎం కుదిరితే టైమింగ్ లైట్. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని 10 డిగ్రీలకి లాక్ చేసి, ఒకటో సిలిండర్ వైరు మీద లైట్ తగిలించి చూడండి, పుల్లీ మీద కూడా 10 కనిపించాల. కనిపించకపోతే మ్యాపులో తిప్పొద్దు, ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ అనే అంకె ఉంటాది, అది మార్చి లైట్ చూపించేది, స్క్రీన్ చూపించేది ఒకటి చేయాల. పాత బండి పుల్లీలో రబ్బరు జారి గుర్తే తప్పై ఉండొచ్చు కాబట్టి, మొదటి ప్లగ్గు రంధ్రంలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి పిస్టన్ పైకొచ్చే చోటు ఒకసారి మీరే కనుక్కోండి. ఆ తర్వాత 3000కి రేస్ ఇచ్చి చూడండి, లాక్ అయిన 10 అట్టనే నిలబడాల. వేస్ట్ స్పార్క్ (ఒక కాయిల్ రెండు సిలిండర్లకి ఒకేసారి స్పార్క్ ఇచ్చే పద్ధతి) వేసిన బండ్లలో డిగ్రీ తిప్పే నాబ్ ఉన్న లైట్లు రెండింతలు చూపిస్తాయి, నాబ్‌ని సున్నాలో పెట్టి వాడండి.

సైలెన్సర్‌లో ఢాం అని పేలడం, ఇన్‌టేక్‌లోంచి వెనక్కి మంట కొట్టడం వస్తే వైర్ల వరుస చూడండి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్ చాలావరకు 1-3-4-2, వేస్ట్ స్పార్క్‌లో 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్ లాంటి ఈసీయూల్లో కాయిల్ అవుట్‌పుట్ 2 అంటే రెండో సిలిండర్ కాదు, వరుసలో రెండోది, అంటే 3, కొన్ని ఈసీయూల్లో మాత్రం సిలిండర్ నంబరే, మీ దాని మాన్యువల్ చూసుకోండి. ఈ ఒక్క అపోహ మీద వారాలు పోయిన బండ్లు ఉన్నాయి.

సెన్సార్లు చెప్పేది నిజమేనా

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం మాత్రం ఆన్ చేసి సెన్సార్ల తెర చూడండి. నీళ్ళ వేడి, గాలి వేడి రెండూ ఒకటే చూపించాల, అది బయట థర్మామీటర్‌కి దగ్గరుండాల. ఒకటి 29, ఇంకొకటి 41 చూపిస్తే ఆ సెన్సార్ కేలిబ్రేషన్ తప్పు, కంపెనీ పట్టికలో లేని సెన్సార్ పెట్టారన్నమాట. అప్పుడు సెన్సార్ విప్పి కాగే నీళ్ళలో ఒకసారి, మామూలు నీళ్ళలో ఒకసారి, ఐసు వేసిన నీళ్ళలో ఒకసారి ముంచి ఓమ్స్ రాసుకుని ఆ మూడు అంకెలు ఈసీయూకి ఇవ్వండి. మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది, అంకెల మ్యాపు కాదు) ఇంజన్ ఆగినప్పుడు 100 కేపీఏ (ఒత్తిడి కొలత) దగ్గర ఉండాల, మన నెల్లూరు సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి 100, 101 అట్టుంటాది, 85 చూపిస్తే కేలిబ్రేషన్ తప్పు. నడుస్తున్నప్పుడు స్లోలో 30 నుంచి 40 కనిపించాల మామూలు క్యామ్ ఉన్న బండికి, అట్టా కాకుండా 100 దగ్గరే కదలకుండా ఉంటే గొట్టం ఊడిపోయింది. థ్రాటిల్ సెన్సార్ వదిలినప్పుడు అర వోల్ట్, పూర్తిగా తొక్కినప్పుడు నాలుగున్నర దగ్గర, మధ్యలో పెడల్ మెల్లగా నొక్కితే ఎక్కడా ఎగరకుండా ఎక్కాల.

ఇవన్నీ చూడ్డానికి పావుగంట చాలు. ఒక్క నీళ్ళ వేడి సెన్సార్ 20 డిగ్రీలు తక్కువ చూపిస్తుంటే, ఈసీయూ బండి చల్లగా ఉందనుకుని పెట్రోల్ పోస్తా పోస్తా ఉంటాది, ప్లగ్గులు నల్లబడతాయి, ఇంక మీరు ఫ్యూయల్ టేబుల్ తగ్గిస్తారు, ఎండలో నడిచినప్పుడు మళ్ళీ లీన్ (పెట్రోల్ తక్కువ) అవుతాది.

ఫ్యూయల్

ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువ తడబడతారు, ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవండి. సైలెన్సర్‌లోకి వచ్చే ఆక్సిజన్ చూసి గాలి, పెట్రోల్ పాళ్ళు చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సార్ లేకుండా మ్యాపు ముట్టుకోవడం కళ్ళు మూసుకుని నడపడమే. దాని కరెంటు సిగ్నల్‌కి ఎర్త్ తప్పుంటే అదీ అబద్ధం చెప్తాది. 0 నుంచి 5 వోల్ట్‌ల మీద 10 నుంచి 20 ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) చూపించే గేజ్‌లో 0.1 వోల్ట్ తేడా అంటే 0.2 ఏఎఫ్ఆర్ తేడా, కాబట్టి గేజ్ మీద కనిపించేది, ల్యాప్‌టాప్‌లో కనిపించేది ఒకటేనా అని మొట్టమొదట పోల్చుకోండి. ఇంకా ముఖ్యం, సెన్సార్ ముందు సైలెన్సర్ గ్యాస్‌కెట్ లీకుంటే బయటి గాలి లోపలికి లాక్కుని లీన్ అని చూపిస్తాది. ఒక సిలిండర్ మిస్సింగ్ ఉన్నా, అది కాల్చని ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి వస్తాది కాబట్టి గేజ్ లీన్ అనే చెప్తాది. అది చూసి మీరు పెట్రోల్ పెంచితే మిస్సింగ్ ఇంకా పెరుగుతాది.

తేడా ఎట్టుందో చూస్తే ఏది ముట్టుకోవాలో తెలుస్తాది. స్లో నుంచి ఫుల్ లోడ్ దాకా అన్నిచోట్లా ఒకే శాతం లీన్ ఉంటే టేబుల్ మొత్తం పెంచుకోవద్దు, ఇంజెక్టర్ ఫ్లో అంకె తప్పు పెట్టారు, లేదా ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ రావాల్సిన చోట తక్కువ వస్తుంది, గేజ్ పెట్టి కొలవండి. స్లోలో, నిదానంగా పోయేటప్పుడు మాత్రమే తేడా ఉంటే ఇంజెక్టర్ డెడ్ టైమ్, అంటే కరెంటు ఇచ్చినాక అది తెరుచుకోడానికి పట్టే సమయం, తప్పు. మామూలుగా 14 వోల్ట్‌ల దగ్గర 1 మిల్లీసెకను దరిదాపుల్లో ఉంటాది, వోల్టేజ్ తగ్గితే పెరుగుతాది. దీన్ని తేల్చడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఇది. ఇంజన్ వేడెక్కి స్లోలో ఉన్నప్పుడు హెడ్‌లైట్లు, ఫ్యాన్, బ్లోయర్ ఒకేసారి వెయ్యండి, వోల్టేజ్ పడుతుంది కదా, ఆ పడే క్షణంలో ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు సరిగ్గా ఉంటే 1.0 చూపించే అంకె) కదలకూడదు. కదిలితే డెడ్ టైమ్ పట్టిక సరిచేయాలి. ఒక్క 2500 ఆర్పీఎం దగ్గర మాత్రమే తేడా ఉంటేనే అది ఫ్యూయల్ టేబుల్ సంగతి.

ఇప్పుడు మన పంపుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తుంది. ఇది మన దగ్గర చాలా కీలకం. మామూలు పెట్రోల్‌కి సరిపోయే నిష్పత్తి 14.7 అయితే ఈ20కి (ఇథనాల్ కలిపిన ఈ పెట్రోల్‌కి) 13.5 దగ్గర ఉంటాది, అంటే దాదాపు 8, 9 శాతం ఎక్కువ ఫ్యూయల్ కావాల. పాత రోజుల్లో మామూలు పెట్రోల్‌కి చేసిన మ్యాపు, బయటి దేశాల నుంచి దించుకున్న మ్యాపు ఎక్కిస్తే లీన్‌గా నడుస్తాది, వేడి పెరుగుతాది. కందుకూరు కుర్రాడొకరి బండి ఇట్టనే సాయంత్రం పొన్నలూరు వైపు ఎక్కేటప్పుడు నాకింగ్ (లోడు మీద ఇంజన్ లోపల టకటక కొట్టడం) చేస్తుంది అని తెచ్చాడు, టైమింగ్ మీద అనుమానపడ్డాం, చూస్తే మ్యాపు మొత్తం లీన్. ఏఎఫ్ఆర్ లెక్కలు పెట్టుకోకుండా ల్యాంబ్డాలో ఆలోచించడం అలవాటు చేసుకోండి, ఏ పెట్రోల్ అయినా 1.0 అంటే 1.0నే. 8, 9 శాతం పెంచే ముందు మాత్రం లైన్‌లో ఉన్న పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగిలాయేమో చూసి మార్చండి, పెట్రోల్ లీక్ ఉంటే అన్నీ ఆపండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పక్కనే అగ్నిమాపక సిలిండర్ ఉండాలి, ఇది మాటకి కాదు. సెల్ఫ్ చాలాసేపు కొట్టి ఇంజన్ తడిసిపోతే ప్లగ్గులు తీసి ఆరబెట్టండి, చాలా ఈసీయూల్లో పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఆగిపోయే సౌకర్యం ఉంటాది, అది వాడండి. రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) చాలాసేపు నడిచిన ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చెయ్యండి, బేరింగులకి అది మంచిది కాదు.

స్లో ఊగడం, ఫ్యాన్, ఏసీ

స్లో ఊగుతుంటే, అంటే 700 నుంచి 1400కి ఎక్కి దిగుతుంటే, ల్యాంబ్డా కరెక్షన్, ఐడిల్ కంట్రోల్ రెండూ ఆఫ్ చెయ్యండి, ఈసీయూ తనంతట తాను సరిచేసుకోవాలని చూస్తుంటే అసలు జబ్బు కనపడదు. ఆఫ్ చేసినాక కుదురుగా నిలబడితే కంట్రోల్ సెట్టింగులు ఎక్కువైనట్టు, ఇంకా ఊగితే గాలి లీకు. గాలి లీకు కనుక్కోవడానికి స్ప్రే కొట్టి ఇంజన్ మారుతుందా అని చూసేవాళ్ళున్నారు, వేడి సైలెన్సర్ మీద అది నిప్పు పెట్టినట్టే. ఇంజన్ ఆపి ఇన్‌టేక్ గొట్టానికి పంక్చర్ షాపులో పంపుతో తక్కువ గాలి కొట్టి, కీళ్ళ దగ్గర సబ్బు నీళ్ళు పూయండి, బుడగలు చెప్తాయి.

ఫ్యాన్, ఏసీ ఈసీయూకి అప్పజెప్పారా లేదా చూడండి. చాలాచోట్ల పాత ఈసీయూ తీసినప్పుడు ఫ్యాన్ వైరు దానితోనే పోతాది, కొత్త దానిలో ఎవరూ కలపరు, ఇంజన్ వేడి 110 దాటాక తెలుస్తాది. ఫ్యాన్ 92, 93 దగ్గర ఆన్, 88 దగ్గర ఆఫ్ అయ్యేట్టు పెట్టుకోవచ్చు. ఫ్యాన్ వేసేముందే, ఏసీ క్లచ్ పట్టేముందే, స్లో కాస్త పెంచమని ఈసీయూకి చెప్పాల. ఫ్యాన్ రిలే, ఏసీ క్లచ్, ఫ్యూయల్ పంప్ రిలే అన్నింటికీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) లేకపోతే ఆఫ్ అయినప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజ్ వల్ల ఈసీయూ రీస్టార్ట్ అవుతాది, ఇది పట్టుకోవడం కష్టం, ఫ్యాన్ ఆగిన క్షణంలోనే మిస్ వస్తుందా అని గమనించండి.

ఇంకొకటి, వేడి మీద ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే తడబడడం. మే నెల రోహిణి కార్తెలో వెంకటాచలం టోల్ కాడ క్యూలో నిలబడి చూడండి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి బిగించిన గాలి వేడి సెన్సార్ 75 చూపిస్తుంది, లోపలికి వెళ్తున్న గాలి మాత్రం 40, 45. ఈసీయూ 75ని నమ్మి, వేడిగాలి పలచన అనుకుని దాదాపు 10 శాతం పెట్రోల్ తగ్గిస్తాది, బండి లీన్ అయ్యి తడబడతాది. సెన్సార్‌ని ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి మార్చితే సగం సమస్య పోతాది, మిగతా సగానికి కరెక్షన్ టేబుల్‌లో ఎక్కువ వేడి దగ్గర కోత తగ్గించండి.

గోల, వాన, కాగితాలు

ల్యాప్‌టాప్ కనెక్షన్ ఊరికే తెగిపోతుంటే, రేస్ ఇచ్చినప్పుడు మాత్రమే తెగుతుంటే ప్లగ్గులు చూడండి. ఎన్‌జీకే ప్లగ్గు నంబర్‌లో ఆర్ అక్షరం ఉన్నది రెసిస్టర్ ప్లగ్గు, అదే వాడాల. రెసిస్టర్ లేని ప్లగ్గు, గట్టి రాగి తీగ ప్లగ్గు వైర్లు వేస్తే గాలిలో అంతా గోల, ట్రిగ్గర్ (క్రాంక్ సిగ్నల్) కూడా తప్పుతాది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే ల్యాప్‌టాప్ నడపండి. ఈసీయూని ఇంజన్ గదిలో పెట్టొద్దు, డాష్ కింద, కనెక్టర్ కిందికి చూసేట్టు పెట్టండి, వైరు దానికంటే దిగువకి వంగి మళ్ళీ పైకి రావాల, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వాన ఎంత పడుతుందో తెలుసు కదా, నీళ్ళు వైరు వెంబడే కనెక్టర్‌లోకి పోతాయి.

రోడ్డు మీద నడిపే బండి అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్పులు చెయ్యకూడదు, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అడ్డం పడొచ్చు. ట్రాక్ కోసం చేస్తుంటే శ్రీపెరంబుదూరు దగ్గరి మద్రాసు రేసు ట్రాక్‌కి ట్రక్కు మీద తీసుకెళ్ళడం మేలు.

మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ప్రతి మార్పుకి ముందు ఫైలు తేదీతో సేవ్ చేసుకోండి, పేపర్ మీద కూడా ఏం మార్చానో, ఎందుకు మార్చానో రాయండి. నెల్లూరు నుంచి కావలి దాకా హైవే మీద టెస్టుకి పోయేటప్పుడు మ్యాపు మార్చే పని పక్కన కూర్చున్నవాళ్ళది, డ్రైవర్ స్క్రీన్ వైపు చూడకూడదు. లాగ్ ఆన్ చేసి పెట్టుకోండి, అందులో ఆర్పీఎం, మ్యాప్, ల్యాంబ్డా, టైమింగ్, బ్యాటరీ వోల్టేజ్, సింక్ పోయిన లెక్క కచ్చితంగా ఉండాల. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు చప్పుడు ఇంజన్ నుంచి లోడు మీద వినిపిస్తే పెడల్ వదిలెయ్యండి, ఇంకొక్కసారి చూద్దాం అని మళ్ళీ తొక్కొద్దు, టైమింగ్ 3, 4 డిగ్రీలు తగ్గించి లాగ్ తెరిచి ల్యాంబ్డా చూసినాకే మళ్ళీ రోడ్డెక్కండి. కంపెనీ ఈసీయూ, పాత వైరింగ్ రెండూ ఒక అట్టపెట్టెలో వేసి, ఏ కనెక్టర్ దేనిదో కాగితం అంటించి ఇంట్లో పెట్టుకోండి, అమ్మెయ్యొద్దు.